నలభై రోజుల డబ్బా

మార్చి 2

వచ్చింది.

ఎనిమిదేళ్ళని కాగితాల్లో ఉంది. చూస్తే ఆరేళ్ళకు మించి అనిపించదు. ఒక సంచి, ఒక జత చెప్పులు, చెవి మీద సగం అరిగిన పెన్సిలు. పిల్లల హోమ్ నుంచి తీసుకొచ్చిన మేడమ్ "మూడు నెలలు చూడండి, ఆ తర్వాతే దత్తత సంతకాలు" అని మరోసారి చెప్పారు. "పన్నెండేళ్ళు ఎదురుచూశామండీ, మాకు మూడు రోజులు చాలు" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

పిల్ల ఒకచోట కూర్చోకుండా ఇల్లంతా తిరిగింది. తలుపులు వేసి, తీసి చూసింది. కుళాయి తిప్పింది. అత్తయ్య మంచం కిందికి వంగి చూసింది. నేను పుస్తకాలు బైండు చేసే ముందుగది గుమ్మంలో నిలబడి, జిగురు గిన్నెనీ కత్తెరల్నీ పైనుంచి కింది దాకా చూసింది. ఆయన బస్సు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చారు. యూనిఫాంలోనే చేతులు కట్టుకుని నిలబడి, "ఇన్‌స్పెక్టరు గారూ, అంతా సక్రమంగా ఉందాండీ?" అన్నారు. ఆ పేరు ఉండిపోయింది.

మార్చి 9

వారమైంది. నాతో ఒక్క మాట లేదు. సిగ్గు, అంతే. నాకు ఓపిక ఉంది.

మార్చి 23

ఆయనతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. అత్తయ్య దగ్గర కూర్చుని ఆవిడ కళ్ళజోడు తుడిచిపెడుతుంది. నేను పిలిస్తే మాత్రం గోడకి చెప్పుకున్నట్టే. చెప్పిన పని చేస్తుంది. పెట్టింది తింటుంది. పిలుపు లేదు, పలుకు లేదు.

పొద్దున్నే దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి, వీపు తిప్పి నిలబడుతుంది. రెండు జడలు వేయించుకుని దువ్వెన తీసుకుని వెళ్ళిపోతుంది. మా ఇద్దరి సంబంధం ఆ పది నిమిషాలే. అప్పుడైనా ముఖం నాకు కనపడదు. తల నిండా చిక్కులు. కుదురు పట్టుకుని కింది నుంచి మెల్లగా తీస్తాను. పుస్తకం కుట్టేటప్పుడు దారం ముడిపడితే ఎలా తీస్తానో అలాగే. లాగితే తెగేది దారమే.

ఏప్రిల్ 6

సెలవు రోజని పిల్లని ఆయన తన బస్సులో తిప్పి తీసుకొచ్చారు. డ్రైవరు వెనకాల మొదటి సీటు, కిటికీ పక్కన. "ఇవాళ ఇన్‌స్పెక్టరు గారు మూడు వాక్యాలు మాట్లాడారు" అంటూ ఇంట్లోకి వచ్చారు ముఖమంతా నవ్వుతో.

"ఏమంది?"

"ఒకటి, హారను ఎక్కువ కొడుతున్నానంట. రెండు, దిగేవాళ్ళు దిగకముందే బండి కదిలిస్తున్నానంట. మూడోది చెప్పను, అది మా ఇద్దరి మధ్య."

నేను నవ్వాను. వంటింట్లోకి వెళ్ళాక నవ్వలేదు. కన్నవాళ్ళం కాకపోతే మాత్రం, ఇంట్లో అందరికీ పంచి నాకొక్కదానికే లేకుండా చేయడం ఏం న్యాయం?

ఏప్రిల్ 20

నిన్న జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేను. మందు పోసింది నేను. కళ్ళు తెరిచి నన్ను దాటి చూసి "నానమ్మ ఏది?" అంది. అత్తయ్య వచ్చి కూర్చోగానే నిద్రపోయింది.

ఈ పిల్లకి నేను నచ్చలేదు. అంతకంటే ఏమీ లేదు. జీవితాంతం నచ్చకపోతే? సంతకం పెట్టేశాక నచ్చకపోతే?

ఆయనతో అన్నాను. "చిన్నపిల్ల. నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నారు. ఆయనకేం, మూడు వాక్యాల ఆస్తిపరుడు.

ఏప్రిల్ 22

అత్తయ్య డబ్బా దింపారు.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో చూశాను దాన్ని. ఎప్పటిదో పొడవాటి రేకు డబ్బా, లోపల మోచేతి దాకా చెయ్యి పడుతుంది. తేలని విషయం ఏదైనా వస్తే అవునని ఒక కాగితం, కాదని ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి అందులో వేసి, దేవుడి గూటి పక్కన నలభై రోజులు ఉంచాలి. రోజూ ఒకసారి దాని ముందు కూర్చోవాలి. నలభయ్యో రోజున కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. ఏది వస్తే అది.

"దేవుడికి గడువు పెట్టడం కాదా అత్తయ్యా ఇది?" అన్నాను.

"గడువు ఆయనకి కాదే, మనకి. నలభై రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోవాలని."

"మీరు ఎన్నిసార్లు తీశారు?"

ఆవిడ కాసేపు లెక్క వేసుకున్నారు. "వెయ్యడం చాలాసార్లు వేశాను. తియ్యడం ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ నలభై రోజులు కాకుండానే మనసుకి తెలిసిపోయేది. తెరవకుండానే పారేశాను."

'ఉండాలి' అని ఒకటి, 'పంపించాలి' అని ఒకటి రాశాను. చేతి రాత బాగా కుదిరింది. జూన్ 1కి నలభై రోజులు. హోమ్ వాళ్ళ మూడు నెలలు కూడా ఆ రోజుకే పూర్తవుతాయి. ఇక నా చేతుల్లో ఏమీ లేదు, ఆయన చూసుకుంటాడు. చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 29

డబ్బా ముందు కూర్చున్నాను. "నీ ఇష్టం" అన్నాను. అన్నాక, కాస్త త్వరగా ఏదైనా చెప్పు అని కూడా అన్నాను.

మే 3

ఈ మనిషికి నోరు ఆగదు. పిల్ల డబ్బా చూసి అదేమిటని అడిగిందట, ఈయన ఉన్నదంతా చెప్పేశారు. నీ గురించి దేవుణ్ణి అడుగుతున్నాం, రెండు కాగితాలు వేశాం, అని.

"బుద్ధి ఉందా మీకు? ఎవరైనా చెప్తారా అది?"

"అబద్ధం చెప్పమంటావా? తను నాతో నిజమే మాట్లాడుతుంది."

"ఏమంది మరి?"

"రెండూ ఎవరు రాశారు అని అడిగింది. ఆంటీయే రాసింది, మా ఇంటి తరఫున అన్నాను. ఊఁ అని వెళ్ళిపోయింది."

మే 11

జడ్జి గారి పని మొదలుపెట్టాను. పోయిన భార్య నలభై ఏళ్ళలో ఆయనకి రాసిన ఉత్తరాలు, పుస్తకంగా కుట్టాలి. అట్టల లోపలి వైపుకి నీలం, బంగారు రంగు చారల కాగితం కావాలన్నారు. ఆ రకం ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. నా దగ్గర పదేళ్ళుగా దాచిన రెండు తావులున్నాయి, వాటిని తీశాను. చేతులు కడుక్కుని మరీ ముట్టుకుంటున్నాను.

మే 16

రంగు కాగితం మూల కత్తిరించి ఉంది. రెండు వేళ్ళంత ముక్క, తిన్నగా, నా చిన్న కత్తెరతో.

ఎవరు చేశారని అడగక్కర్లేదు. ఎందుకు చేశావని అడిగాను. ఎనిమిదిసార్లు అడిగి ఉంటాను. చెవి మీద పెన్సిలు పెట్టుకుని నేల చూస్తూ నిలబడింది. ముక్క ఏదని అడిగాను. అదీ చెప్పలేదు. కాస్త గట్టిగానే మాట్లాడాను. ఎవరైనా మాట్లాడతారు.

మే 17

దేవుడు చెప్పాడు.

పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, మనస్ఫూర్తిగా ప్రార్థించి తీశాను. 'పంపించాలి' అని వచ్చింది. ఇరవై అయిదో రోజే తీశానని అత్తయ్య అంటారని తెలుసు. తెలియాల్సింది తెలిశాక ఇంకా పదిహేను రోజులు ఆ పిల్లని అటూ ఇటూ కాకుండా ఉంచడం మాత్రం న్యాయమా? దాని మంచికే.

ఆ కాగితం ఆయనకి చూపించాను. ఎంతసేపు చూశారో. "నీ చేతిరాతే కదా ఇది" అన్నారు. అదేం మాట! నా రాత కాక దేవుడు పెన్ను పట్టుకుంటాడా?

అత్తయ్య "చూసే తీశావా, మూసే తీశావా?" అని మాత్రం అడిగారు.

"కళ్ళు మూసుకునే."

"సరే" అన్నారు.

కాగితం ఈ పేజీలోనే పెట్టాను.

మే 20

పంపించాం.

హోమ్ మేడమ్ కారణం రాయమన్నారు. 'కలవలేకపోతోంది' అని రాశాను. పిల్ల పొద్దున్నే ఎప్పటిలాగే దువ్వెన తెచ్చి ఇచ్చింది. జడలు వేశాను. ఒక పాయ లావుగా వచ్చింది. విప్పి మళ్ళీ వేశాను. అది కదలకుండా నిలబడింది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి ఇల్లంతా ఒకసారి చూసింది, వచ్చిన రోజున చూసినట్టే. నన్ను కూడా. ఏడవలేదు. ఆ మొండితనమే నేను చెప్పేది.

ఆయన సెలవు పెట్టకుండా డ్యూటీకి వెళ్ళిపోయారు.

మే 21

జిగురు సరిగ్గా పట్టడం లేదు. వానగాలి వల్ల అనుకుంటాను.

మే 24

జడ్జి గారు వచ్చి పుస్తకం తీసుకెళ్ళారు. అట్ట తెరిచి రంగు కాగితం మీద బొటనవేలు రాసి, "ఇక్కడ అతుకుందా అమ్మా?" అన్నారు. ఉందండీ, చిన్నపిల్ల తెలియక కత్తిరించింది అన్నాను. 'తెలియక' అన్నాను, ఎందుకో మరి.

"ఉంటే ఏం పోయింది? మా ఆవిడ ఉత్తరాల నిండా కొట్టివేతలే" అని నవ్వారు. "ఏది ఆ చిన్నపిల్ల? మందలించారా ఏమిటి పాపం?"

బంధువుల ఇంటికి వెళ్ళింది అన్నాను.

మే 26

ఆయన నాతో అవసరమైనవి మాట్లాడుతున్నారు. తువ్వాలు, తాళంచెవి, ఇంటికొచ్చే టైము. రోజుకి మూడు వాక్యాలు ఉంటాయేమో.

మే 28

ఇది ఎవరూ చదవరు. కనీసం ఇక్కడైనా రాయాలి.

మూడుసార్లు తీశాను.

మొదటిసారి 'ఉండాలి' అని వచ్చింది. బాగా కలపలేదనుకున్నాను. మడిచి లోపల వేసి, డబ్బా ఊపి, మళ్ళీ తీశాను. మళ్ళీ 'ఉండాలి'. అప్పుడు ప్రార్థన సరిగ్గా చేయలేదనుకున్నాను. కోపంతో చేశాను, కోపంతో చేసింది చెల్లదు కదా అని. లేచి, ముఖం కడుక్కుని వచ్చి, కూర్చుని, మూడోసారి తీశాను. అది వచ్చింది. చాలు, ఇదే అన్నాను. మూడోసారి ప్రార్థన చేసినప్పుడు మాత్రం కోపం లేదా? ఉంది. దేవుడు రెండుసార్లు చెప్తే వినిపించుకోలేదు, నేను ఒక్కసారి చెప్పిందాన్ని ఆయన మాట అని ఇల్లంతా చూపించాను.

ఇంకొకటి కూడా ఉంది. మే 16న కాస్త గట్టిగా మాట్లాడానని రాశాను. ఏమన్నానో రాయలేదు.

"ఇలా ఉంటావు కాబట్టే నిన్నందరూ వదిలేశారు" అన్నాను.

అప్పుడు మాత్రం తలెత్తి నా ముఖం చూసింది. వచ్చాక అంత సూటిగా చూడటం అదే మొదలు. చెప్పడానికి నోరు తెరిచిందేమో కూడా. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.

జూన్ 1

నలభయ్యో రోజు.

ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మిగిలిన కాగితాన్ని తీసి కాల్చేద్దామని మధ్యాహ్నం డబ్బా దింపి, నేల మీద బోర్లించాను. ఒకటి పడాలి. రెండు పడ్డాయి.

రెండోది నీలం, బంగారు చారలు.

నాలుగు మడతలు. నా మడతల్లాగే, అంచుకి అంచు కలిపి. ఊడిపోకుండా జిగురు చుక్క కూడా పెట్టింది. అదే తడిగా ఉండి అడుగున అంటుకుపోయినట్టుంది, అందుకే నా చేతికి రాలేదు. మరక ఇంకా ఉంది డబ్బాలో. విప్పడానికి ఎంతసేపు పట్టిందో. లోపల తెల్లవైపు పెన్సిలుతో, అరిగిన ములుకుతో:

'అరుస్తుంది. జడ నొప్పి లేకుండా వేస్తుంది. ఇంకా తెలీలేదు. ఇంకొన్ని రోజులు చూస్తా.'

అంతే.

వచ్చిన రోజు నుంచీ తను కూడా చూస్తోంది. కుళాయి, తలుపు, నేను. మూడు నెలలు దానికీ ఇచ్చారు. ఆయన ఇన్‌స్పెక్టరని నవ్వులాటకి అన్నారు, ఆ పిల్ల నిజంగానే ఆ పని మీద ఉంది. మా తరఫున రెండు కాగితాలు వేస్తే తన తరఫున ఎవరూ వెయ్యలేదు. తనే వేసుకుంది. దేవుడికి వేస్తున్నాను కదా అని ఇంట్లో ఉన్నవాటిల్లోకి మంచి కాగితం చూసి కత్తిరించింది. దాని కోసమే నేను...

ఇంకొన్ని రోజులు. అంతకంటే ఏమీ అడగలేదు. నా కంటే దానికే ఓపిక ఉంది. దేవుడి మీద నమ్మకం కూడా దానికే ఉంది. కాగితం వేసి, మూత పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. నేను అరుస్తుంటే కూడా చెప్పలేదు. డబ్బా సంగతి చెప్పిన రోజే, అందులో వేసింది బయటికి చెప్పకూడదని మా ఆయన దానికి చెప్పారట.

జూన్ 3

పొద్దున్నే హోమ్‌కి వెళ్ళాను. కాగితం తీసుకెళ్ళాను, చూపిస్తే ఇచ్చేస్తారేమోనని. నాకు సిగ్గు లేదు.

"మే 29నే వేరే ఇంటికి వెళ్ళిందండీ" అన్నారు మేడమ్. "ఎక్కడికో చెప్పకూడదు. మంచివాళ్ళు."

"మూడు నెలలేనా వాళ్ళకి కూడా?"

"అందరికీ మూడు నెలలే."

"మరి వాళ్ళు వద్దంటే?"

ఆవిడ కాగితం రెండోసారి చదివి, మడతల ప్రకారమే మడిచి ఇచ్చారు. "ఆగస్టు 29కి తేలుతుంది. ఒకవేళ వాళ్ళు కాదంటే ముందు మీకే ఫోన్ చేస్తాను. నా వల్ల అయ్యేది అదొక్కటే."

చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాను. గేటు దాటి నాలుగు అడుగులు వేశాక అర్థమైంది, నేను దేనికి దణ్ణం పెట్టానో.

వెనక్కి వెళ్ళాను. "ఆ ఇంటావిడకి ఒక్క మాట చెప్పగలరా? చిక్కులు పైనుంచి లాగకూడదు. కుదురు పట్టుకుని కింది నుంచి తియ్యాలి. అప్పుడు నొప్పి ఉండదు."

"చెప్తాను" అని ఫైలు మీద రాసుకున్నారు.

జూన్ 4

అత్తయ్యకి అంతా చెప్పేశాను. మూడుసార్లు తీసిందీ, పిల్లతో అన్నదీ. కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"తెలుసే" అన్నారు. "కళ్ళు మూసుకునే తీశానన్నావు చూడు నా వంక చూడకుండా, అప్పుడే తెలిసింది. ఎన్నిసార్లని నేనూ అడగలేదు. నాదీ తప్పే."

"ఇప్పుడేమని ప్రార్థించను అత్తయ్యా? అది తిరిగి రావాలని అడిగితే, అక్కడ కూడా దాన్ని వద్దనాలని అడిగినట్టే కదా. ఇంకోసారి ఆ సంచి పట్టుకుని గుమ్మం దాటాలని అడిగినట్టే కదా."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆ పని ఇన్నాళ్ళూ పిల్ల చేసేది.

"అడగకు" అన్నారు. "కూర్చో, అంతే. నీకేం కావాలో ఆయనకి తెలుసు. దానికేం కావాలో కూడా తెలుసు. ఈసారి మధ్యలో దూరకు."

ఆయనకి కాగితం చూపించాను. చదివి, చొక్కా జేబులో పెట్టుకుని, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నారు. బయటికి వచ్చాక అడిగాను, బస్సులో ఆ మూడో వాక్యం ఏమిటని.

"ఇంటికి ఎప్పుడు వెళ్తాం అంది" అన్నారు.

జూన్ 30

కూర్చున్నాను.

జూలై 19

కూర్చున్నాను. ఇవాళ, తిరిగి పంపించు అని నోటిదాకా వచ్చింది. లేచిపోయాను.

ఆగస్టు 11

ఆ ఇంటావిడకి ఓపిక ఇవ్వు అని అడిగాను. మొదటిసారి అడగగలిగాను. అడిగాక మంచిదాన్నయిపోయానని కాదు.

ఆగస్టు 28

రేపు.

ఆగస్టు 29

ఆయన సెలవు పెట్టారు. ముగ్గురం ముందుగదిలోనే కూర్చున్నాం, ఫోను కుట్టు బల్ల మీద పెట్టుకుని. నేను పాత డిక్షనరీ ఒకటి కుడుతున్నాను. నిజానికి కుట్టి విప్పుతున్నాను.

పదకొండింటికి మోగింది. జడ్జి గారు, స్నేహితుడెవరికో బైండింగ్ కావాలట. నాలుగున్నరకి మళ్ళీ మోగింది. హోమ్ మేడమ్ గొంతు.

ఆ ఒక్క క్షణంలో నేనేం కోరుకున్నానో దేవుడికి తెలుసు. ఇక్కడ రాయను.

"సంతకాలు అయిపోయాయండీ" అన్నారు. "మీరు ఎదురుచూస్తుంటారని చేశాను. ఆవిడ పెట్టారు, ఆయన పెట్టారు. పాప నేనూ పెడతానని పట్టుబట్టింది. ఫారంలో దానికి చోటు లేదు. పక్కన ఖాళీలో పెట్టనిచ్చాను."

"తెలిసిందన్నమాట దానికి" అన్నాను.

"ఏమిటండీ?"

"ఏం లేదు. జడలు?"

"రెండు. బాగా వేసున్నాయి."

"మంచిదండీ" అన్నాను. ఫోను పెట్టేశాను. వాళ్ళిద్దరికీ చెప్పాను. ఆయన లేచి బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన పక్కకి జరగలేదు, అలాగే ఉన్నారు.

దేవుడు అడిగింది ఇచ్చాడు. ఆగస్టు 11న నేను నోరారా అడిగిందే. ఇంత ఏడుపు ఎందుకు వస్తోందో ఆయనకే తెలియాలి.

సాయంత్రం ఈ పేజీల్లోంచి 'పంపించాలి' తీసి పొయ్యిలో వేశాను. 'ఉండాలి' కూడా. చారల కాగితం మాత్రం ఆయన దగ్గర తీసుకుని, మడతల ప్రకారమే మడిచి డబ్బాలో వేశాను. అత్తయ్య చూస్తున్నారు.

"ఎన్ని రోజులకి?" అన్నారు.

"తియ్యనండి" అన్నాను. మూత పెట్టాను.